ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు

ఆ ఎండాకాలం మా ఇల్లు అమ్ముడుపోవాల్సింది. బేరం దాదాపు కుదిరింది. కొనేవాడు రెండుసార్లు వచ్చి, గోడల మీద మోకాలెత్తున ఉన్న చెమ్మ చారను చూసి, రెండుసార్లూ ధర తగ్గించాడు. అయినా ఇచ్చేద్దామని నా భార్య ఏంజెల్ పట్టుబట్టింది. మా పాప జాస్మిన్‌కు అప్పుడు నాలుగేళ్లు. అంతకుముందు రెండు వానాకాలాలూ ఇంట్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు పోయాక చెమ్మ మిగిలింది, చెమ్మతో పాటు పాపకు ఆయాసం పట్టుకుంది. ఆవిరి మందు పట్టే మిషన్ మా ఇంట్లో మిక్సీలాగా రోజువారీ సామాను అయిపోయింది.

"ఇల్లు పోతే మల్ల కొనుక్కుంటం ఫిన్నీ. పిల్ల ఊపిరి యాడ కొంటం?" అనేది ఏంజెల్.

దానికి అమ్మ ఇచ్చేది జవాబు కాదు, మొండితనం.

"నేనీడ్నే ఉంట. మీరు పోతె పోండ్రి" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయేది మా అమ్మ ఏసమ్మ. ఆ మాటతో ఆ పూటకు బేరం ఆగేది.

మాది హెబ్రోను కాలనీ. మచ్చ బొల్లారం దాటాక, మేడ్చల్ వైపు పోయే రైలు పట్టాలకు ఇవతల ఉంటుంది. అయిదు గల్లీలు, చివర చిన్న చర్చి. మా ఇల్లు నాలుగో గల్లీలో. కాలనీకి కింది వైపున మెయిన్ రోడ్డు, రోడ్డు కింద ఒక పాత తూము, ఆ తూము దాటి కిలోమీటరు పోతే ఈదులకుంట. వాన నీళ్లన్నీ ఆ కుంటలోకే పోవాలి. పోవడం లేదన్నదే మా బాధ.

నేను మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ మీద సర్వే పని చేస్తాను. రెండేళ్ల కిందట, ఆ మార్చి నెలలో, మా అసిస్టెంట్ ఇంజనీరు శృతి మేడం నన్ను పిలిచి బల్ల మీద ఊరి మ్యాపు పరిచింది. ఆవిడ మాకు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తక్కువ మాట్లాడుతుంది. చెప్పిన పని చెప్పినట్టు జరగకపోతే ఇంకా తక్కువ మాట్లాడుతుంది.

"పదేళ్ల ప్లాన్ రాస్తున్నాం ఫిన్నీ గారూ. ఊరి మొత్తానికి వాన నీటి కాలువలు. ఏ కాలువ ముందు, ఏది తర్వాత, దేనికి పైసలు ఎక్కడి నుంచి, అన్నీ ఇందులోనే ఉండాలి. మన ఇంటి పన్నుల్లోంచి ఏటా కొంత పక్కన పెడితే, మిగతాది సర్కారు ఇస్తుంది. కానీ మొదటి ఏడాది పని పూర్తయినట్టు చూపిస్తేనే రెండో ఏడాది పైసలు. మే నెలాఖరుకు కౌన్సిల్ తీర్మానంతో పంపాలి. లేకపోతే ఈ విడతలో మన పేరు ఉండదు."

"మళ్లీ విడత ఎప్పుడు మేడం?"

"ఎవరికి తెలుసు? మూడేళ్లో, అయిదేళ్లో. లెవెల్స్ తీసి ఇవ్వండి. వేసిన పైపు ముప్పై ఏళ్లు నేల కింద ఉంటుంది, జాగ్రత్త."

ఏప్రిల్ అంతా ఎండలోనే గడిచింది. నేను మూడు కాళ్ల స్టాండు మీద లెవెల్ మిషన్ పెట్టుకుని కన్ను ఆనిస్తే, భాస్కర్ ఎదుట గీతల కర్ర పట్టుకుని నిలబడేవాడు. భాస్కర్‌కు యాభై దాటాయి, నాకంటే ముందు నుంచి ఆ ఆఫీసులో ఉన్నాడు. ఆ కర్ర మూడు ముక్కలు. ఒకదాంట్లోంచి ఒకటి పైకి లాగితే క్లిక్కుమని బిగుసుకుంటుంది. కర్ర మీద కనిపించే అంకెను బట్టి ఏ చోటు ఎంత పల్లమో లెక్క తేలుతుంది. పని అయ్యాక మొదలుపెట్టిన చోటికి మళ్లీ కొలుచుకుంటూ రావాలి. వచ్చేసరికి మొదటి అంకె, చివరి అంకె కలవాలి. కలిస్తే లెక్క సరైనట్టు. సర్వే పనిలో మొదట నేర్పేది ఇదే.

మా కాలనీ నుంచి ఈదులకుంట దాకా కొలిచిన రోజు మధ్యాహ్నం ఏంజెల్ ఫోన్ చేసింది. పాపకు ఆయాసం తగ్గడం లేదు, ఆస్పత్రికి తీసుకుపోతున్నానంది. మేం కుంట దాకా వెళ్లిపోయాం, తిరుగు కొలత ఒక్కటే మిగిలింది. భాస్కర్‌ను మిషన్ సర్దమని చెప్పి నేను బండెక్కాను. సాయంత్రానికి పాప కుదుటపడింది. మర్నాడు ఆఫీసులో కూర్చుని, తిరుగు కొలత గడులన్నీ నేనే నింపాను. మొదటి అంకెతో చివరి అంకె చక్కగా కలిసేలా నింపాను. ఎన్నిసార్లు చేసినా నాలుగైదు మిల్లీమీటర్లు మించి తేడా రాని చేయి నాది. ఈసారి మాత్రం ఎందుకు వస్తుంది అనుకున్నాను.

ఆ లెక్కల మీదే మేడం కాలువల బొమ్మ గీయించింది. ముంపు ఎక్కువున్న చోటు కాబట్టి మా కాలనీ మొదటి ఏడాదిలోకి వచ్చింది. మూడో గల్లీ, నాలుగో గల్లీ అన్నిటికంటే ముందు. ఆ పేర్లు అచ్చులో చూసినప్పుడు నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. ఆ ఆదివారం చర్చిలో మా వార్డు కౌన్సిలర్ మల్లేశమన్న వచ్చి అందరి ముందూ చెప్పాడు.

"దసరా లోపట పైపులు పడ్తయి. నాది జిమ్మెదారి."

ఆయనది పక్క ఊళ్లో పొలాలున్న ఇల్లు. ఇప్పుడు ఆ పొలాలు ప్లాట్లయ్యాయి. మాట గట్టిది, గొంతు ఇంకా గట్టిది. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక ఏంజెల్ ఫోన్ తీసి, నా ముందే కొనేవాడితో మాట్లాడింది.

"ఏమనుకోవద్దన్నా. ఇగ అమ్ముతలేము."

ఫోన్ పెట్టేసి నవ్వింది. రెండు వానాకాలాల తర్వాత మళ్లీ ఆ నవ్వు చూశాను.

*

మే రెండో వారంలో ఒక సాయంత్రం బొమ్మ నకలు ఇంటికి తెచ్చాను. మంచం మీద పరిచి, మా గల్లీ మీద ఉన్న ఎర్ర గీతను ఏంజెల్‌కు చూపిస్తున్నాను. అమ్మ చాయ్ తెచ్చి, అలాగే నిలబడి చూసింది.

"గా బాణాలు ఏందిరా?"

"నీళ్లు పోయే దిక్కమ్మా. మన గల్లీ నుంచి తూము, తూములకెల్లి కుంటకు."

"ఎవరు జెప్పిండ్రు?"

"నేనే కొలిచిన."

అమ్మ చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. "వాన పడేటప్పుడు మనింట్లకు నీళ్లు రావు బిడ్డా. వాన ఆగినంక గంటకొస్తయి. యాది లేదా? పోయినేడు నా నీలం టబ్బు కొట్టుకపోయింది గదా, యాడ దొరికింది? వజ్రమ్మ ఇంటి కాడ. వజ్రమ్మ ఇల్లు మనకంటె మీదికి గదరా. తూము దిక్కుకెల్లి నీళ్లు ఎదురొచ్చినయి కాబట్టే టబ్బు మీదికి పోయింది."

నేను నవ్వాను. "నీళ్లు మీదికి పోవమ్మా."

"పోవు. యాడ్నో అడ్డం తాకితే ఎనుకకు మర్లుతయి" అంది అమ్మ మామూలుగా, బియ్యంలో రాళ్లున్నాయని చెప్పినట్టు. చెప్పి వెళ్లిపోయింది.

నా నవ్వు సగంలో ఆగింది. బొమ్మ ప్రకారం తూము మా గల్లీ కంటే బాగా పల్లంలో ఉంది. అంత పల్లంలో ఉంటే నీళ్లు వెనక్కి మళ్లడానికి వీల్లేదు. అమ్మ చెప్పింది నిజమైతే తూము అంత కింద లేదు. చాయ్ చల్లారిపోయింది. ఏంజెల్ ఏదో అడుగుతోంది. నా కళ్ల ముందు మాత్రం నేను కూర్చుని నింపిన గడులే కనిపిస్తున్నాయి.

మర్నాడు పొద్దున ఆరింటికల్లా భాస్కర్‌ను బయల్దేరదీశాను. ఎందుకని అడగలేదతను. తూము దగ్గర కర్ర నిలబెట్టాక, రెండో ముక్కను పైకి లాగి, ఒకసారి ఊపి చూసి అన్నాడు.

"సార్, ఆ దినం గీడ గిది క్లిక్కుమన్నట్టు లేకుండె. నువ్వు ఫోన్ల ఉంటివి. పిల్లకు బాగలేదని పరేషాన్ల ఉంటివి. నేను గూడ మల్ల సూడలే."

అతని తప్పేం లేదు. కర్ర జారినా, తిరుగు కొలత చేసి ఉంటే ఆ రోజే దొరికేది. ఈసారి మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి కొలిచాం. ఎండ నెత్తికెక్కింది. తూము అడుగు మేం గీసినదానికంటే ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు ఎత్తులో ఉంది.

మూరెడు కూడా లేదు. కానీ బొమ్మలో ఉన్నట్టు మా గల్లీలో పైపు వేస్తే ఆ పైపు తూము కంటే కిందికి వస్తుంది. నీళ్లు పైపులోకి దిగుతాయి, దిగి అక్కడే నిలబడతాయి. మట్టి పేరుకుంటుంది. ఒక వానాకాలం దాటితే పైపు పూడుతుంది. పైన సిమెంటు రోడ్డు పడ్డాక దాన్ని తవ్వేవాడుండడు. సరిచేయాలంటే దారి ఒకటే. ముందు తూమును పగలగొట్టి లోతుగా కట్టాలి, అక్కడి నుంచి కుంట దాకా కాలువను లోతు చేయాలి. ఆ పనికి రెండేళ్లు. మా గల్లీ మూడో ఏడాదికి పోతుంది.

ఇంటికి పోయి ముందు ఏంజెల్‌కు చెప్పాను. పాప పక్క గదిలో బొమ్మలతో ఆడుకుంటోంది. ఏంజెల్ మంచం అంచున కూర్చుని అంతా విన్నది. గడులు నింపిన సంగతి కూడా చెప్పాను.

"ఎవలకు ఎరుక గిది?"

"నాకు, భాస్కర్‌కు. ఇప్పుడు నీకు."

"చెప్తే నీ నౌకరీ?"

"పోవచ్చు."

ఏంజెల్ పక్క గదిలోకి తొంగి పాపను చూసింది. తర్వాత అడిగింది. "చెప్పకుంటే మన గల్లీల పైపు పడ్తది. పడ్డంక?"

"మొదటి వానకు మంచిగనే ఉంటది. రెండో ఏడు నుంచి మల్ల గిదే."

"మల్ల పిల్ల గట్లనే ఉంటది" అంది. కళ్లు తుడుచుకుంది. నా మీద కోపం ఉంది ఆ ముఖంలో, ఉండాల్సినంత ఉంది. "కొనేటోన్ని వాపస్ పంపిస్తి. ఇంకా ఏం జూస్తున్నవ్? పో, జల్దీ పోయి మేడంకు చెప్పు. ఫోన్ల చెప్పకు."

*

శృతి మేడం కొత్త లెక్కల పుస్తకం పేజీ పేజీ చూసింది. తర్వాత పాతది తెరిచి, నేను నింపిన గడుల దగ్గర వేలు పెట్టింది.

"ఇవి ఎక్కడ తీశారు?"

"తీయలేదు మేడం. రాసిన."

కిటికీ బయట మున్సిపాలిటీ ట్రాక్టర్ ఏదో స్టార్ట్ కాక మొరాయిస్తోంది. ఆవిడ లేచి కిటికీ మూసి వచ్చి కూర్చుంది.

"నేను సంతకం పెట్టాను దీని మీద" అంది. "మీ ఇల్లు ఆ గల్లీలోనే కదా?"

"అవును మేడం."

"మెమో ఇస్తాను. రాతపూర్వకంగా జవాబు రాయండి, ఉన్నది ఉన్నట్టు. ఇంకొకటి. ఊరి మొత్తం మీద మీరు తీసిన పెద్ద లైన్లన్నీ మళ్లీ తిరుగు కొలత చేయాలి. మంగళవారం కౌన్సిల్. నాలుగు రోజులుంది."

"నౌకరీ..."

"ముందు కొలతలు పూర్తి చేయండి."

నాలుగు రోజులు నేనూ భాస్కర్ తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా తిరిగాం. మిగతా లైన్లన్నీ కలిశాయి. ఒక్కొక్కటి కలిసినప్పుడల్లా ఒళ్లు కొద్దికొద్దిగా నాదవుతున్నట్టుండేది.

మంగళవారం కౌన్సిల్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా అందరికీ చెమటలే. మేడం లేచి మార్చిన జాబితా చదివింది. మొదటి రెండేళ్లు: మెయిన్ రోడ్డు తూము, కుంట దాకా కాలువ. మూడో ఏడాది: హెబ్రోను కాలనీ. మల్లేశమన్న కుర్చీలోంచి లేచాడు.

"ఏంది మేడం గిది? చర్చిల నిలబడి మాటిచ్చిన నేను. గిప్పుడు పోయి మూడేండ్లంటే నన్ను గల్లీల తిరగనిస్తరా? పైంగ తూము అవుతల ఉన్నది నా వెంచరు. మల్లేశం తన ప్లాట్లకు ముందు కాలువ ఏయించుకున్నడని మైకు పెట్టి మరీ అంటరు!"

"ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఫిన్నీ గారు చెబుతారు" అంది మేడం.

అలా అంటుందని నాకు ముందుగా తెలియదు. లేచాను. ఇరవై నలుగురు నన్నే చూస్తున్నారు.

"అన్నా, తప్పు నాది" అన్నాను. "తిరిగి కొలువకుండనే కొలిచినట్టు రాసిన. తూము మనమనుకున్నంత పల్లంల లేదు. నాది గూడ నాలుగో గల్లీనే. నీళ్లు మా ఇంట్లకే వస్తయి. పైపు ముందు మా గల్లీకే ఎయ్యాలని మీకంటె నాకే ఎక్కువుంది. కని ఏస్తే నీళ్లు పైపుల్నే నిలబడ్తయి. కిందికి తొవ్వ జేసినంకనే మీద పైపు ఎయ్యాలె."

వెనక బెంచీలోంచి ఎవరో "గిసొంటోల్లకు జీతాలు" అన్నారు. నేను తల వంచుకున్నాను.

మల్లేశమన్న మాత్రం కూర్చోలేదు. నన్నే చూస్తూ అడిగాడు. "నీది ఏసమ్మ ఇల్లేనా?"

"అవునన్నా."

"కాలువ వెడల్పు జేస్తే నా దిక్కు ఎంత జాగ పోతది?"

నేను మేడం వైపు చూశాను. ఆవిడ కాగితం చూసి చెప్పింది. "మీ ప్రహరీ గోడ ఆరడుగులు వెనక్కి జరగాలి. రెండు వందల మీటర్ల పొడవునా."

ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఎదురుగా ఉన్న నీళ్ల సీసా మూత తీశాడు, తాగకుండానే మళ్లీ పెట్టాడు.

"గోడ జరిపినంక నా ప్లాట్లకు ముందు ఏయించుకున్నడని ఎవడన్న అంటే, గా గోడ కాడికి తీస్కపోయి నా జాగ ఎంత పోయిందో సూపిస్త" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రాస్కోండ్రి. హెబ్రోను కాలనోల్లకు నేను జెప్పుకుంట. కని తూము వానలకు ముందే కొట్టాలె. సర్కారు పైసలచ్చేదాక ఆగుతమంటే ఒప్పుకోను. మన పన్నుల పైసలున్నయి గదా, గవ్విట్లకెల్లి మొదలువెట్టుండ్రి."

తీర్మానం చేతులెత్తి ఆమోదించారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఊపిరి లోపలికి పోతోంది, బయటికొస్తోంది. అంతకంటే ఇంకేమీ అక్కర్లేదనిపించింది కాసేపు.

ఆ ఆదివారం మల్లేశమన్న చర్చికి నిజంగానే వచ్చాడు. జనం అరిచారు, ఆయనా అరిచాడు. సద్దుమణిగాక అమ్మ లేచి నిలబడింది.

"మా ఇంటికే ముందు రావల్సిన పైపును మా పిలగాడే ఆపిండు. ఊకెనే ఆపుతడా?" అంది. ఆ తర్వాత ఇంక ఎవరూ నన్నేమీ అనలేదు. ఏంజెల్ ఆ రోజు నా పక్కన కూర్చుంది. వారం రోజులుగా కూర్చోవడం లేదు.

*

జూన్ మొదట్లో తూమును పగలగొట్టారు. నాలుగు రోజులు మెయిన్ రోడ్డు బండ్లు సర్వీసు దారిలో తిరిగాయి, నాలుగు రోజులూ అందరి తిట్లూ మేమే తిన్నాం. పాత తూము కింద పేరుకుపోయిన మట్టి, ప్లాస్టిక్, ఒక విరిగిన సైకిలు చక్రం, కోళ్లఫారం గోనెలు ట్రాక్టర్లకొద్దీ బయటికొచ్చాయి. మల్లేశమన్న ప్రహరీ గోడ జేసీబీతో కూలుతుంటే ఆయన చివరి దాకా ఎండలో నిలబడి చూశాడు. తూము కొత్త అడుగు వేసిన రోజు నేనే కొలిచాను. భాస్కర్ కర్ర ముక్కను లాగి, గట్టిగా "క్లిక్" అని నోటితో కూడా అన్నాడు. కుంట దాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాం. తేడా మూడు మిల్లీమీటర్లు.

నా మెమో జవాబు చదివి మేడం దాన్ని ఫైల్లో పెట్టింది. నౌకరీ గురించి ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. నెల తిరిగేసరికి హాజరు పట్టీలో నా పేరు ఎప్పటిలాగే ఉంది.

పెద్ద వాన జులై మూడో వారంలో, ఒక శనివారం మధ్యాహ్నం పడింది. కాలువను కుంట దాకా తవ్వారు గానీ మిగతా పని అలాగే ఉంది. మా గల్లీలో పైపు లేదు, ఇంకో రెండేళ్లకు గానీ రాదు. రెండు గంటలు ఏకధాటిగా కురిసింది. తూము దగ్గర మేడం, నేను గొడుగులు పట్టుకుని నిలబడ్డాం. గొడుగులున్నా తడిశాం. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ తూములోకి దూకి, అవతలి నుంచి కుంట వైపు పరుగెడుతున్నాయి. వాన ఆగింది. పావుగంట, అరగంట, ముప్పావుగంట చూశాం. నీళ్లు వెనక్కి మళ్లలేదు.

"ఇంటికెళ్లండి" అంది మేడం. "ఇంట్లో ఎలా ఉందో ఫోన్ చేసి చెప్పండి నాకు."

గల్లీలో నీళ్లున్నాయి, చీలమండ దాకా. బండి తోసుకుంటూ పోయాను. మా గుమ్మం ముందున్న మూడు మెట్లలో ఒక్కటే తడిసింది. రెండో మెట్టు మీద పాప కూర్చుని కాళ్లు ఆడిస్తోంది. నన్ను చూసి అరవబోతే, లోపలి నుంచి ఏంజెల్ వచ్చి నోటి మీద వేలు పెట్టి వారించింది.

"సప్పుడు జెయ్యకుండ్రి" అంది మెల్లగా.

లోపలికి తొంగి చూశాను. ఇంట్లోకి నీళ్లు రావడం మొదలైనప్పటి నుంచీ వాన పడ్డ రోజు మా అమ్మ కన్ను మూసి ఎరగదు. చీపురో, చెంబో చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉండేది. ఇప్పుడు కింద పొడి గచ్చు మీద చాప వేసుకుని, చేయి తల కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. చూరు నుంచి ఇంకా నీళ్లు కారుతూనే ఉన్నాయి. అమ్మ గురక పెడుతోంది.